చాకిరీ వేరు, సాధన వేరు: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు మహిళలకు బల సాధన మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో, కోడలు గానీ కూతురు గానీ బరువులెత్తడం నేర్చుకుంటానని చెప్పగానే పెద్దవాళ్ళ నోటి నుంచి వచ్చే మాట దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: "ఏటమ్మా, బిందెలూ బస్తాలూ మోస్తూనే ఉన్నావు గదా, మళ్ళీ ఆ ఇనప ముక్కలెత్తడం ఏటి?" ఈ ప్రశ్నను నవ్వి తోసేయకూడదు. దానికి జవాబు తెలుసుకున్న స్త్రీ సాధనను మొదటి రోజు నుంచే సరైన దారిలో పెట్టుకుంటుంది.

ఇంటి చాకిరీలో బరువు ఎంతో ఎవరూ కొలవరు. ఆ బరువు శరీరం సిద్ధపడినప్పుడు కాక, అవసరం పడినప్పుడు పెరుగుతుంది. మోసిన మర్నాడు విశ్రాంతి దొరకదు. పైగా బిందె ఎప్పుడూ అలవాటైన పక్కనే చంకకెక్కుతుంది. అందుకే ఏళ్ళ తరబడి మోసినా నడుము అరుగుతుందే గాని ఒళ్ళు గట్టిపడదు. బల సాధనలో బరువును కొలిచి ఎత్తుతాం, ఒళ్ళు ఒప్పుకున్న మేరకే పెంచుతాం, రెండు వైపులా సమానంగా పని చెబుతాం, సాధన రోజుల మధ్య విశ్రాంతికి ఒక రోజైనా వదిలేస్తాం. కింద రాసిన సూచనలన్నీ ఈ నాలుగు పనులను ఎలా చేయాలో వివరించేవే.

బరువులెత్తితే మగవాళ్ళలా కండలు వస్తాయన్న భయం కొందరికి ఉంటుంది. కండను పెంచే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ స్త్రీలలో పురుషులతో పోలిస్తే చాలా తక్కువగా, సుమారు పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు వరకే ఉంటుంది కాబట్టి వారానికి రెండు మూడు గంటల సాధనతో అలాంటి ఆకారం రాదు. మొదటి ఆరు వారాల్లో పెరిగే బలం కూడా ఎక్కువగా నరాలు కండరాలను బాగా పనిచేయించడం నేర్చుకోవడం వల్ల వచ్చేదే. ఇక ఇది మన ప్రాంతపు ఆడవాళ్ళకు పరాయి విద్య అనుకోనక్కర్లేదు. బరంపురం నుంచి మద్రాసు వైపు వెళ్ళే రైలు మార్గంలో వచ్చే ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి, మహిళల వెయిట్ లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన 2000 సిడ్నీ క్రీడల్లోనే, 69 కిలోల విభాగంలో, ఒకే ఊపున తల పైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన లిఫ్టర్ కె. రవికుమార్ బరంపురం వాసి.

మొదలుపెట్టే ముందు చేయించుకోవలసిన పరీక్షలు

మన ప్రాంతంలో మొదట చూసుకోవలసింది రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒడిశాలో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తల తిరగడం, ఎంత నిద్రపోయినా తీరని నీరసం ఉన్నవారు తమను తాము బద్ధకస్తులమని తిట్టుకుంటూ ఉంటారు. అసలు కారణం చాలాసార్లు రక్తంలోనే ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఆరోగ్య కేంద్రంలోనో పరీక్ష చేయించుకుని, తక్కువగా ఉంటే వైద్యులు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడుతూనే తేలికపాటి సాధన మొదలుపెట్టవచ్చు. మరీ తక్కువగా ఉన్నవారు మాత్రం అది పెరిగేదాకా నడకతో సరిపెట్టుకోవాలి.

రాయగడ, కోరాపుట్ వైపు కుటుంబాలు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్షను కూడా చేయించుకోవాలి. ఈ ప్రాంతాల్లో ఆ జన్యు లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఈ పరీక్షలు జరుగుతున్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ లక్షణం వచ్చినవారికి వ్యాయామం నిషిద్ధం కాదు. అయితే వారు ఎండలో, నీళ్ళు తాగకుండా, ఊపిరి అందనంత పరుగులు తీయకూడదు. ఒక విడత వ్యాయామానికీ ఇంకో విడతకూ మధ్య ఎక్కువ విరామం తీసుకోవాలి. జబ్బే ఉన్నవారు తమకు వైద్యం చేస్తున్న డాక్టరు చెప్పిన మేరకే చేయాలి.

రక్తపోటు 160/100 దాటి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, నడుములో డిస్కు జారిందని ఇదివరకే చెప్పించుకున్నవారు ముందు వైద్యుల అనుమతి తీసుకోవాలి. కాన్పు అయినవారు, ముఖ్యంగా ఆపరేషన్ కాన్పు అయినవారు, ఆరు వారాల తరువాతి పరీక్షలో డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. గెంతడాలు, పరుగులు కనీసం మూడు నెలలు ఆగాక. తుమ్మినా దగ్గినా బరువెత్తినా మూత్రం చుక్కలుగా పడటం కాన్పుల తరువాత చాలామందికి ఉంటుంది, దాదాపు అందరూ దాచుకుంటారు. మూత్రాన్ని ఆపినట్టు కటి కండరాలను బిగించి, ఐదు సెకన్లు ఉంచి, పూర్తిగా వదిలే వ్యాయామాన్ని రోజుకు మూడు విడతలు, విడతకు పదిసార్లు చేస్తే కొన్ని నెలల్లో చాలామందికి గుణం కనిపిస్తుంది. అది తగ్గేదాకా చుక్క పడనంత బరువే ఎత్తాలి.

ఇంట్లోనా, జిమ్‌లోనా

రెండూ మంచివే. మొదటి ఆరు వారాలకు ఇల్లే నయమని నా అభిప్రాయం. కొత్తగా చేరిన ఆడవాళ్ళను నెలంతా ట్రెడ్‌మిల్ మీద నడిపించి, చేతికి రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్ ఇచ్చి కూర్చోబెట్టే జిమ్‌లు చాలా ఉన్నాయి. ఆ నడక బరంపురంలో రామలింగం చెరువు గట్టున ఉచితంగా దొరుకుతుంది.

ఇంట్లో కావలసింది పిల్లల పాత స్కూలు బ్యాగు ఒకటి, నాలుగు బుట్టల ఇసుక, గట్టి పాలిథీన్ సంచులు. కిరాణా కొట్టు కాటా మీద తూచి కిలో చొప్పున ఇసుకను పొట్లాలు కట్టి, ఒక్కొక్క పొట్లాన్నీ రెండో సంచిలో వేసి మూతి టేపుతో అంటించాలి. ఇలా పదిహేను పొట్లాలు తయారు చేసుకుంటే, కిలో చొప్పున పెంచుకోగల బరువు చేతిలో ఉన్నట్టే. జిమ్‌లలోనే చాలాచోట్ల ఇంత సన్నని తేడాతో పెంచే వీలుండదు. బ్యాగులో పొట్లాలు అటూ ఇటూ జారకుండా ఖాళీని పాత చీర ముక్కతో కుక్కాలి. రెండు బకెట్లు, గోడకు ఆనించిన పీట, వెన్ను కొలవడానికి చీపురు కర్ర ఉంటే సరంజామా పూర్తయినట్టే.

చున్నీ, చీర కొంగు బరువులో చిక్కుకుంటాయి కాబట్టి కుర్తా, ట్రాక్ ప్యాంటు వేసుకోవడం మంచిది. మట్టిగాజులు తీసి పక్కన పెట్టాలి; పుస్తెలతాడును లోపలికి దోపుకోవాలి. మెత్తటి అడుగున్న బూట్ల కంటే ఉత్తకాళ్ళే నేలను బాగా పట్టుకుంటాయి. గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా అవసరం.

నేర్చుకోవలసిన ఐదు కదలికలు

యంత్రాలు ఎన్ని ఉన్నా శరీరం చేసే బరువు పనులు ఐదే: కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోసుకు నడవడం. వీటిలో వంగి ఎత్తడం దగ్గరే మన ఆడవాళ్ళ నడుములు ఎక్కువగా పాడవుతున్నాయి కాబట్టి దాని గురించి కొంచెం విపులంగా రాస్తాను.

వంగి ఎత్తేటప్పుడు వంగవలసింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. దీన్ని నేర్చుకోవడానికి గోడకు వీపు పెట్టి, మడమలకూ గోడకూ మధ్య ఒక అడుగు దూరం ఉంచి నిలబడాలి. మోకాళ్ళను కొంచెం సడలించి, చీపురు కర్రను వెన్ను వెంట నిలువుగా పట్టుకోవాలి. అది తల వెనుక, భుజాల మధ్య, వెన్ను చివరి ఎముక వద్ద, మూడు చోట్లా తగులుతూ ఉండాలి. ఇప్పుడు పిరుదులను గోడకేసి వెనక్కి నెట్టాలి, గోడ తగలగానే ఆగి, మళ్ళీ నిటారుగా లేవాలి. కిందికి వెళ్ళేటప్పుడు కర్ర మూడు చోట్లలో ఏ ఒక్కదాన్ని వదిలినా వెన్ను వంగిందని అర్థం. సరిగ్గా చేస్తే తొడల వెనుక భాగం బిగదీసినట్టు లాగుతుంది. ఆ లాగుడు తెలియనంత కాలం బరువు జోలికి వెళ్ళవద్దు. గోడ తేలిగ్గా అందుతున్నకొద్దీ మరో రెండు అంగుళాలు ముందుకు జరగాలి.

ఇది కుదిరాక బ్యాగును పీట మీద పెట్టి, రెండు పాదాల మధ్యకు తెచ్చుకుని, అదే వంపుతో పట్టుకోవాలి. ఎత్తే ముందు కడుపు నిండా గాలి పీల్చి, ఎవరో పొట్ట మీద గుద్దబోతున్నట్టు బిగించి, పాదాలతో నేలను నెడుతూ లేవాలి. పూర్తిగా నిలబడ్డాక గాలి వదలాలి. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఊపిరి బిగపట్టకుండా, లేస్తున్నంతసేపూ నోటితో నెమ్మదిగా వదులుతూ ఉండాలి. బ్యాగు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే నడుము మీద భారం అంత తక్కువ. దింపేటప్పుడు కూడా అదే దారిలో, అంతే నిదానంగా దింపాలి. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, పసిపిల్ల, తడిబట్టల బకెట్ వంటివన్నీ ఇకమీదట ఇదే పద్ధతిలో లేవాలి.

జిమ్‌కు వెళ్ళినవారికి ఇదే డెడ్‌లిఫ్ట్. ప్లేట్లు అనే గుండ్రటి బరువులను తగిలించే ఇనప కడ్డీని బార్ అంటారు. మామూలు బార్ 20 కిలోలు, మహిళల బార్ 15 కిలోలు ఉంటుంది. చిన్న ఊళ్ళ జిమ్‌లలో అంతకంటే తేలికైనవీ ఉంటాయి కాబట్టి అడిగి తెలుసుకోవాలి. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్లు 45 సెంటీమీటర్ల వెడల్పుంటాయి గనుక బార్ నేల నుంచి దాదాపు 22 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. మనకు దొరికే చిన్న ప్లేట్లతో బార్ మరీ కిందికి దిగిపోతుంది. అలాంటప్పుడు రెండు వైపులా చెక్క దిమ్మలు గానీ ఇంకో రెండు ప్లేట్లు గానీ పరిచి ఎత్తు సరిచేయమని ట్రైనర్‌ను అడగాలి. "ఖాళీ బారే కదా, నేల మీద నుంచి ఎత్తేయండి" అని తేలిగ్గా చెప్పే ట్రైనర్ మాట వినవద్దు.

స్క్వాట్ అనే కూర్చుని లేవడంలో మనకు ఒక మేలు ఉంది. నేల మీద కూర్చుని కూరలు తరిగే ఇళ్ళలో పెరిగిన స్త్రీకి గొంతుక్కూర్చోవడం కొత్త కాదు. మోకాలు కాలివేళ్ళను దాటకూడదనీ, తొడ నేలకు సమాంతరం కాగానే ఆగిపోవాలనీ కొందరు చెప్పే నియమాలు ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళకు అవసరం లేదు. అయితే అలవాటు తప్పినవారు కుర్చీతో మొదలుపెట్టి, తరువాత పీటకు దిగాలి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వేళ్ళను కొంచెం బయటికి తిప్పి, మోకాళ్ళు వేళ్ళు చూపే వైపే వెళ్ళేటట్టు చూసుకుంటూ, మడమలు లేవకుండా దిగాలి. పీటకు తగిలీ తగలకుండా వచ్చి లేవాలి, కూలబడకూడదు. బరువు పెంచాలనుకున్నప్పుడు బ్యాగును రెండు చేతులా గుండెకు హత్తుకుని చేయాలి.

నెట్టడానికి పుష్-అప్ చాలు. గోడకు చేతులు పెట్టి మొదలుపెట్టి, ఎత్తైన గట్టుకూ, ఆ తరువాత బల్లకూ, చివరకు నేలకూ దిగాలి. మోకాళ్ళు నేలకు ఆనించి చేసే పద్ధతి కంటే ఇలా ఎత్తు తగ్గించుకుంటూ రావడమే త్వరగా ఫలిస్తుంది. లాగడానికి ఎడమ చేతిని బల్ల మీద ఆనించి, తుంటి దగ్గర వంగి, కుడిచేత్తో బ్యాగును పక్కటెముకల దాకా లాగాలి. తరువాత చేయి మార్చాలి. మోసుకు నడవడానికి రెండు బకెట్లలో సమానంగా నీళ్ళు పోసి, భుజాలు వంగకుండా అర నిమిషం నడవాలి. లీటరు నీరు కిలో కాబట్టి లెక్క సులువు. పిడికి గుడ్డ చుట్టుకుంటే చేతికి ఒరుసుకోదు.

పన్నెండు వారాల క్రమం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలి. దానికి తోడు 150 నుంచి 300 నిమిషాల మోస్తరు నడక వంటిది ఉండాలి. కాబట్టి సోమ, గురువారాలు సాధనకు పెట్టుకోండి. వీలైతే శనివారం మూడోది. వరుసగా రెండు రోజులు చేయవద్దు.

మొదటి రెండు వారాలు ఖాళీ బ్యాగుతోనే ఐదు కదలికలనూ చేయాలి. ఒక్కొక్కదానికి రెండు సెట్లు (ఆగకుండా చేసే విడతలు), సెట్‌కు ఎనిమిది నుంచి పది రెప్‌లు (కదలికను ఒకసారి పూర్తి చేస్తే ఒక రెప్). దానికి ముందు ఐదారు నిమిషాలు చేతులు, తుంట్లు తిప్పడం, గోడ దగ్గర వంగే అభ్యాసం ఉండాలి. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటాయి, మెట్లు దిగుతుంటే గుర్తు చేస్తాయి. రెండు మూడు రోజుల్లో పోతుంది. భయపడి పూర్తిగా మంచమెక్కితే ఇంకా బిగుస్తుంది, నడుస్తూ ఉంటే త్వరగా సడలుతుంది.

మూడో వారం నుంచి బ్యాగులో మూడు పొట్లాలు వేసి, మూడు సెట్లు చేయాలి. ఇక్కడి నుంచి అసలు నియమం ఒకటే. ఏ సెట్‌నైనా ఇంకో రెండు రెప్‌లు మంచి భంగిమలో చేయగలిగే ఓపిక మిగిలి ఉండగానే ఆపాలి. మూడు సెట్లలోనూ పన్నెండేసి రెప్‌లు అలా చేయగలిగిన రోజు, తరువాతిసారికి ఒకటి రెండు పొట్లాలు పెంచి, రెప్‌లను మళ్ళీ ఎనిమిదికి దించాలి. సెట్‌కూ సెట్‌కూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి. ఆ రెండు నిమిషాల్లో పొయ్యి మీద పాలు చూసి రావచ్చు గాని, గిన్నెలు తోమడం మొదలుపెట్టకూడదు. అది విశ్రాంతి కాదు, మళ్ళీ చాకిరీయే.

ఆరో వారం బరువును సగానికి తగ్గించి కదలికలను మాత్రం చేయండి. ఏడో వారం నుంచి బ్యాగు పదీ పన్నెండు కిలోలకు చేరి ఇల్లు చాలనిపిస్తే, అప్పుడు జిమ్‌లో చేరడం సబబు. అప్పటికే వంగడం, కూర్చోవడం వచ్చి ఉంటాయి కాబట్టి ట్రైనర్ ఎవరైనా మీరు చెప్పించుకునేది తక్కువ, అడిగేది ఎక్కువ అవుతుంది. ఆరు నుంచి ఎనిమిది కిలోల డంబెల్‌ను ఛాతీకి పట్టుకుని స్క్వాట్, దిమ్మల మీద ఖాళీ బార్‌తో డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టి, వారానికి రెండు మూడు కిలోలు మించకుండా పెంచండి. చేరేముందు ఆడవాళ్ళకు విడి సమయం ఉందా, ఫోన్లతో వీడియోలు తీయడాన్ని యజమాని అదుపులో పెడుతున్నాడా అన్నవి చూసుకోవడం మరచిపోవద్దు.

పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, కదలిక, బరువు, ఒక్కొక్క సెట్‌లో ఎన్ని రెప్‌లు, ఎలా అనిపించింది. ఒక వరుసలో ఇంతే రాస్తే సరిపోతుంది. పాలవాడి లెక్క, చీటీల లెక్క తప్పకుండా రాసే ఇల్లాలికి ఇది అదనపు శ్రమ కాదు. ఈ లెక్క లేకపోతే కొలత లేదు, కొలత లేకపోతే ఇది కూడా మరో ఇంటిపనే అవుతుంది.

తిండి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలంటుంది. బరువులెత్తేవారికి 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి. అంటే 55 కిలోల స్త్రీకి 66 నుంచి 88 గ్రాములు. మన ఇళ్ళలో అందరికీ వడ్డించి చివర్లో పఖాళలోకి (నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నంలోకి) ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని లేచే ఆడవాళ్ళకు ఇందులో సగం కూడా అందదు. బరువు పెంచినా బలం పెరగకపోవడానికి నేను తరచూ చూసే కారణం ఇదే.

దీనికి డబ్బా పొడులు అక్కర్లేదు. ఉదయం చోడి అంబలితో రెండు గుడ్లు తింటే 15 గ్రాముల వరకు వస్తాయి. మధ్యాహ్నం అన్నం, ముప్పై గ్రాముల పప్పుతో ఒక పూట వండిన పప్పు, వంద గ్రాముల చేప కలిపి 35 గ్రాములు దాటుతుంది. సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుసెనగ గింజలు 7 గ్రాములు. రాత్రికి ఒడిశాలో ప్రతి కొట్లోనూ దొరికే సోయాబడి, పొడిగా తూచినప్పుడు ముప్పై గ్రాములు, కూర వండుకుంటే 15 గ్రాములు. రొట్టెలతో కలిపి లెక్క సరిపోతుంది. చేప, గుడ్డు తినని ఇళ్ళలో ఉలవలు, పెరుగు, పనీరు పెంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, సాధన చేసే స్త్రీ అందరితో పాటే కూర్చుని తినాలి.

భోజనంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట ఎడం ఉండాలి. ఆకుకూరలో, పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

నెలసరి, గర్భం, నలభై దాటిన వయసు

నెలసరి రోజుల్లో సాధన మానవలసిన వైద్య కారణం ఏదీ లేదు. నొప్పి ఎక్కువగా ఉంటే బరువు తగ్గించండి; వద్దనిపిస్తే ఆ రోజు వదిలేయండి. ప్యాడ్ గంటకొకటి మార్చవలసినంత రక్తస్రావం ఉంటే అది సాధన సంగతి కాదు, డాక్టరుకు చూపించుకోవలసిన విషయం. ఇదివరకే సాధన చేస్తున్నవారు గర్భం వచ్చాక డాక్టరు అనుమతితో తేలిక బరువులతో కొనసాగించవచ్చు. మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేసేవి మానాలి. కొత్తగా భారీ బరువులు మొదలుపెట్టడానికి అది సమయం కాదు.

నలభై దాటినవారు "ఇప్పుడెందుకులే" అంటారు గాని, వారికే ఇది ఎక్కువ అవసరం. ముప్పై దాటాక ఏటికేడాది కండ కొద్దికొద్దిగా తరుగుతుంది. ముట్టు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ పడిపోవడంతో ఎముక సాంద్రత వేగంగా తగ్గుతుంది. బరువు మోపితేనే ఎముక గట్టిపడుతుంది, నడక ఒక్కటే అందుకు చాలదు. అరవై దాటినవారు కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టి, పక్కనే గోడ ఉండగా ఒంటికాలి మీద నిలబడటం కూడా అభ్యాసం చేయాలి.

ఎప్పుడు ఆపాలి

కండ మంట వేరు, కీలు నొప్పి వేరు. తొడ మధ్యలో, రెండు కాళ్ళలోనూ సమానంగా ఉండే నొప్పి మామూలే. మోకాలి చిప్ప పక్కన సూదితో పొడిచినట్టున్నా, ఒకే వైపున్నా, నడుము నుంచి కాలిలోకి కరెంటులా పాకినా, ఆ కదలికను ఆపి వైద్యులకు చూపించాలి. ఛాతీలో బిగింపు, కళ్ళు బైర్లు కమ్మడం ఉంటే అక్కడే ఆపేయాలి. కోరాపుట్ వైపు మలేరియా వంటి జ్వరాలు తగిలినవారు జ్వరం పూర్తిగా పోయి, తిండి మామూలయ్యాక, పాత బరువులో సగంతో మళ్ళీ మొదలుపెట్టాలి. గంజాం తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా చెమట ఆరని ఉక్కపోత ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే చేసుకుని, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోవాలి.

ఒక సవాలు పెట్టుకోవడం

పన్నెండు వారాలయ్యాక పుస్తకంలో అంకెలు పెరగడం ఒక్కటే ఉత్సాహాన్ని నిలబెట్టదు. అందుకని మన చుట్టుపక్కలే ఉన్న రెండు కొండలను వరుసగా లక్ష్యం పెట్టుకోమంటాను.

మొదటిది పురుషోత్తమపురం దగ్గర, రుషికుల్యా నది ఒడ్డున ఉన్న తారాతారిణి కొండ. పైన అమ్మవారి గుడికి 999 మెట్లున్నాయి. రోప్‌వే ఉంది, రోడ్డూ ఉంది, మనకు రెండూ వద్దు. చైత్ర మాసం మంగళవారాల్లో జనం కిటకిటలాడతారు కాబట్టి మామూలు రోజున, పొద్దున్నే వెళ్ళాలి. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంతో, నూరు మెట్లకొకసారి నిమిషం ఆగుతూ ఎక్కాలి. ఎక్కడంలో ఊపిరి పరీక్ష, దిగడంలో మోకాళ్ళ పరీక్ష. చాలామంది మొదటిదానికే సిద్ధమై వస్తారు. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూ బరువును ఆపాలి, మర్నాడు కాళ్ళు వణికేది అందువల్లే. దీనికి ఇంట్లోనే నెల ముందు నుంచి ఒక అభ్యాసం చేయాలి: కింది మెట్టు మీద ఒక కాలితో నిలబడి, రెండో కాలి మడమను మూడు సెకన్లలో నేలకు తాకించి, మళ్ళీ లేవాలి. కాలికి ఎనిమిది చొప్పున మూడు సెట్లు, సాధన రోజుల్లో స్క్వాట్ తరువాత. మోకాలు లోపలికి ఒరిగితే మెట్టు ఎత్తు తగ్గించాలి.

రెండోది గజపతి జిల్లాలోని మహేంద్రగిరి. 1501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ పైన కుంతి, భీముడు, యుధిష్ఠిరుల పేర్లతో పాత రాతి గుడులున్నాయి. శివరాత్రికి ఆంధ్ర వైపు నుంచీ ఒడిశా వైపు నుంచీ జనం వస్తారు. వాహనాలు పైదాకా దాదాపుగా వెళ్తాయి. అయినా కింది ఊళ్ళ నుంచి నడిచి ఎక్కడమే మన పని. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది; వర్షాకాలంలో జారుడు, పిడుగుల భయం ఉంటాయి. కనీసం నలుగురు కలిసి, దారి తెలిసిన స్థానికులను వెంటబెట్టుకుని, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయలుదేరాలి. మీ బ్యాగులో నీళ్ళు, తిండి, ఉన్ని బట్టలు కలిపి ఐదారు కిలోలవుతాయి. కాబట్టి ఎనిమిది వారాల ముందు నుంచి వారానికొకసారి ఇసుక బ్యాగు వీపున వేసుకుని నడవాలి. మూడు కిలోలతో నలభై నిమిషాల దగ్గర మొదలుపెట్టి, ఎనిమిది కిలోలతో రెండు గంటలకు చేరాలి. గోపాలపురం దగ్గరున్నవారికి ఇసుక తీరం ఇందుకు బాగా పనికొస్తుంది. ఇసుకలో అడుగు తీసి అడుగు వేయడం పిక్కలకు మంచి సాధన. కొండ వారానికి ముందు వారం బరువులను సగం చేసి, నడకను గంటకు తగ్గించాలి. కొత్త బూట్లతో కొండెక్కవద్దు. వాటితో ఊళ్ళో కనీసం మూడు నాలుగు నడకలు పూర్తయి ఉండాలి.

దిగి వచ్చాక మూడు రోజులు మామూలు నడక తప్ప ఏమీ చేయకండి. తరువాతి సోమవారం కొండకు ముందు ఎత్తిన బరువులో ముప్పావు వంతుతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పాత అంకెకు చేరి, అక్కడి నుంచి మళ్ళీ కిలో చొప్పున పెంచుకుంటూ పోండి.